ఒక గడప, రెండు కడుపులు

పిల్లల్ని కనడానికి క్లాసులేంటని ధవళేశ్వరంలో అందరికంటే ఎక్కువ నవ్విన మనిషి హేమశ్రీ. రాజమండ్రిలో ఆమె చూపించుకునే ఆసుపత్రిలో ప్రతి శనివారం తొలిచూలు ఆడవాళ్ళకి క్లాసులు పెడుతున్నారు. నొప్పులు ఎలా వస్తాయో, ఊపిరి ఎలా వదలాలో, పసిబిడ్డకి పాలెలా పట్టాలో నేర్పుతారు. మీరూ రండని పెద్ద సిస్టరు కృపారాణి చెప్పినప్పుడు, "ఊపిరి వదలడం రాకుండానే ఇన్నాళ్ళూ బతికానాండి?" అని మొహం మీదే అడిగేసింది హేమశ్రీ. ఇంటికొచ్చి ఆ మాట మొగుడికి చెప్పుకుని ఇంకో విడత నవ్వింది. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసే సత్యప్రసాద్‌కి పై అధికారి నవ్వితే నవ్వడం అలవాటే కాబట్టి అతనూ నవ్వాడు.

అత్తగారు రత్నమాణిక్యం కోడలికి ఇంకో మెట్టు పైనుంది. తను నలుగుర్ని కన్నానని, ఆఖరివాణ్ణి పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా కన్నానని, పప్పూ మాడలేదు పిల్లాడూ ఏడవక మానలేదని, అప్పుడు తనకి ఏ టీచరు పాఠం చెప్పిందో కనుక్కుని చెప్పమని వీధి వీధంతా వినేలా అంది.

అలాంటి అత్తాకోడళ్ళిద్దరూ నెల తిరక్కుండా అదే క్లాసులో, ముందు వరసలో చాప వేయించుకుని కూర్చున్నారు. హేమశ్రీకి చదువు మీద భక్తి పుట్టుకొచ్చిందనుకునేరు, అదేం కాదు. కుళ్ళు. నిలువెల్లా కుళ్ళు. ఎవరి మీదంటారా? తమ్ముడి పెళ్ళాం మీద.

హేమశ్రీ పుట్టిల్లు రామచంద్రపురం. తొలి పురుడు పుట్టింటివాళ్ళే పోయాలి. కలిగినవాళ్ళయినా లేనివాళ్ళయినా ఆ మాటకి తిరుగులేదు. హేమశ్రీకి పెళ్ళయిన ఐదేళ్ళకి గానీ కడుపు పండలేదు. ఆ ఐదేళ్ళూ మందులు మింగుతూ, వాటితోపాటు చుట్టపక్కాల ఓదార్పులూ మింగుతూ ఆమె ఒకే ఒక్క సంగతి ఊహించుకుంటూ వచ్చింది. తొమ్మిదో నెల రాగానే అమ్మ వచ్చి తీసుకెళ్తుంది. పెరటి వసారాలో మడత మంచం వేస్తుంది. తలకి నూనె రాసి, వేడన్నంలో నెయ్యేసి, చారు కలిపి ముద్దలు పెడుతుంది. నొప్పులొచ్చినప్పుడు పక్కన అమ్మ ఉంటుంది. బిడ్డ పుట్టాక ఏంటన్నది ఆమెకి ఎప్పుడూ సరిగ్గా తోచేది కాదు. ఆలోచన ఎప్పుడూ అమ్మ దగ్గరే ఆగిపోయేది.

ఈలోగా తమ్ముడు అశోక్‌కి పెళ్ళయింది. అతనికి భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం, ఇంటికి వారానికోసారి వస్తాడు. పెళ్ళాం వీరదుర్గ మాత్రం రామచంద్రపురంలో అత్తామామల దగ్గరే ఉంటుంది. వారానికోసారి వచ్చే మొగుడితో ఆ పిల్లకి ఆర్నెల్లు తిరక్కుండా నెల తప్పింది. అదీ హేమశ్రీకంటే ఇరవై రోజులు ముందు. ఐదేళ్ళ తపస్సు చేసిన మనిషికి ఇరవై రోజుల తేడాతో రెండో స్థానం వచ్చింది.

వీరదుర్గకి తల్లి లేదు. తొమ్మిదో తరగతిలో ఉండగా పోయింది. తండ్రి ఎక్కడో పెద్ద కొడుకు పంచన కాలక్షేపం చేస్తున్నాడు. అంటే ఆ పిల్లకి పురుడు పోసే పుట్టిల్లు లేదన్నమాట. పోనీ ఇద్దరినీ ఒకే ఇంట్లో పెట్టి పురుళ్ళు పోద్దామంటే, ఒకే గడపలో రెండు కడుపులు ఉండకూడదు. ఉంటే ఇద్దరిలో ఒకరికి కీడంటారు. ఏ ఒకరికన్నది ఎవరూ చెప్పరు, అందుకే భయం ఎక్కువ. హేమశ్రీ తల్లి సూర్యకళకి ఆ నమ్మకం ప్రాణంతో సమానం. ఇద్దరిలో ఒకరు గడప బయట ఉండాలి. ఉండడానికి ఇంకో చోటు ఎవరికుందో వాళ్ళే ఉండాలి.

ఏడో నెలలో సూర్యకళ సూడిదలు పట్టుకుని ధవళేశ్వరం వచ్చింది. కూతురికి పసుపు రాసి, గాజులు తొడిగి, చలిమిడి ఒళ్ళో పెట్టి, నేలచూపులు చూస్తూ సంగతి చెప్పింది. దుర్గకి ఎవరూ లేరని, హేమకైతే కొండంత అత్తగారున్నారని, ఈ ఒక్కసారికి సర్దుకోమని అంది. సర్దుకోక చస్తుందా? అలాగేనమ్మా అని పైకి నవ్వింది హేమశ్రీ. లోపల మాత్రం, ఈ ఒక్కసారికి అంటే తనకి తొలిచూలు ఎన్నిసార్లు వస్తుందని అమ్మ లెక్కేసుకుంటోందో అనుకుంది. పుట్టింటి చలిమిడి వేలితో ముట్టలేదు. డబ్బా డబ్బా రత్నమాణిక్యమే తిని, కొంచెం పాకం ముదిరిందని వంక పెట్టింది.

వెళ్ళేటప్పుడు సూర్యకళ ఒక్క మాట మాత్రం ఇచ్చింది. "నొప్పులొచ్చిన రోజున ఎలాగైనా నీ పక్కన ఉంటానే." దుర్గకి థైరాయిడ్ ఉందని రామచంద్రపురం డాక్టరు రాజమండ్రి ఆసుపత్రికే పంపించాడు. ఇద్దరి కాన్పులూ ఒక్క చోటే కాబట్టి ఆ మాట నిలబడేలాగే కనిపించింది. ఆ మాట పట్టుకునే హేమశ్రీ బతుకుతోంది.

ఒక శనివారం సాయంత్రం ఫోన్లో దుర్గ స్టేటస్ చూసింది. అదే ఆసుపత్రి మేడ మీది హాలు. నేల మీద చాప. దుర్గ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆమె వెనక సూర్యకళ కూర్చుని, రెండు చేతులూ కోడలి నడుం మీద ఆనించింది. ఇద్దరూ కళ్ళు మూసుకుని ఊపిరి వదులుతున్నారు. కింద రాసి ఉంది: అమ్మతో క్లాసులో.

అమ్మతో! అత్తయ్యతో కాదు. హేమశ్రీ ఆ ఫొటో పెద్దది చేసి చూసింది, చిన్నది చేసి చూసింది. ఎలా చూసినా తన అమ్మ చేతులు వేరేవాళ్ళ నడుం మీదే ఉన్నాయి. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ క్లాసుల సంగతేంటని కృపారాణిని అడిగింది. అప్పుడు తెలిసింది అసలు నియమం. కాన్పు గదిలో మంచాల మధ్య తెరలే గానీ గోడలు లేవు కాబట్టి మగవాళ్ళని రానివ్వరు. ఒక ఆడమనిషిని తోడు రానిస్తారు. ఆ మనిషి కాబోయే తల్లితో కలిసి క్లాసులకి వచ్చి ఉండాలి. ఒక తోడు ఒక్కళ్ళకే. సూర్యకళగారు వీరదుర్గకి తోడుగా పేరిచ్చేశారండి, మీకు ఎవరొస్తారు అని అడిగింది కృపారాణి.

హేమశ్రీకి ఒళ్ళంతా కారం పూసినట్టయింది. మా అత్తగారు వస్తారండి అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

రత్నమాణిక్యం మొదట ఒప్పుకోలేదు. ఈ వయసులో తను బడికెళ్ళడమేంటని గొణిగింది. హాల్లో ఏసీ ఉంటుందని, మధ్యలో బిస్కెట్లూ టీ ఇస్తారని కోడలు చెప్పాక, పోనీలే చూసొద్దాం అని కొత్త నేతచీర తీసింది.

హాలు నిండా రకరకాల తొలిచూళ్ళు. చెప్పింది చెప్పినట్టు రాసుకునే పిల్ల ఒకతె. సిస్టరు ఒకటి చెప్తే ఫోన్లో చూసి కాదండీ అనే పిల్ల ఇంకొకతె. మొగుడు డబ్బు కట్టేశాడు కాబట్టి వచ్చానని మూతి ముడుచుకున్నది మరొకతె. ఒకమ్మాయిని ఏమడిగినా వాళ్ళమ్మే జవాబిచ్చేది. ఎన్నో నెలమ్మా అంటే, "మాకు ఎనిమిదండి" అనేది. అందరి మధ్యలో సూర్యకళా, దుర్గా. ఆడపడుచుని చూడగానే దుర్గ లేవబోయింది. "వదినా, మీరూ వచ్చారా. ఎంత బాగుందో," అంది. నిజంగానే సంతోషపడింది. ఆ నిజమే హేమశ్రీకి ఎక్కువ మండించింది. దొంగ నవ్వు నవ్వి ఉంటే ఎంత హాయిగా ఉండేదో.

ఇల్లు కానప్పుడు ఒక కప్పు కింద రెండు కడుపులు ఉండొచ్చా అని హేమశ్రీ తల్లిని అడిగింది. ఆసుపత్రికి గడప లేదుగా అంది సూర్యకళ. నిజమే, అక్కడ గచ్చు చదునుగా ఉంది.

కృపారాణి పాఠం బాగానే చెప్పేది. నొప్పి వచ్చినప్పుడు దీపం ఆర్పినట్టు ఊదకూడదు, వేడి పాలు చల్లార్చుకున్నట్టు మెల్లగా ఊదాలి అనేది. రత్నమాణిక్యం మాత్రం ప్రతి మాటకీ ఒక ఎదురుమాట తగిలించేది. బొమ్మకి స్నానం చేయించడం చూపిస్తే, ఆ బొమ్మ ఏడవట్లేదు కాబట్టి సరిపోయింది అనేది. పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని ఊగమంటే, మా రోజుల్లో పిండి రుబ్బేవాళ్ళం, అదే ఊగడం అనేది. వీపు ఎలా రాయాలో నేర్పినప్పుడు మాత్రం బుద్ధిగా కోడలి వెనక కూర్చుంది. మూడుసార్లు రాసి, నాలుగోసారికి కోడలి భుజం మీద తలవాల్చి కునుకు తీసింది. హేమశ్రీ కదలకుండా కూర్చుని పక్క చాప వైపు చూసింది. సూర్యకళ కునకలేదు. మధ్యమధ్యలో దుర్గ చెవిలో ఏదో చెప్తోంది, ఆ పిల్ల నవ్వుతోంది. తనకి గుర్తున్నంత వరకూ అమ్మ ఎప్పుడూ తన చెవిలో నవ్వొచ్చే మాట చెప్పలేదు. హోంవర్కు అయిందా అని అడిగేది.

టీ వేళకి సూర్యకళ సున్నుండల డబ్బా తీసేది. మొదట ఒకటి దుర్గ చేతిలో పెట్టి, తర్వాత డబ్బా మూతలో రెండు పెట్టి కూతురి వైపు జరిపేది. మూతలో! చుట్టాలకి పెట్టినట్టు. పొరుగింటి పుల్లకూర రుచంటారు, మా అమ్మకి పొరుగింటి పిల్లే రుచి అనుకునేది హేమశ్రీ. అలా అనుకుంటూనే రెండూ తినేసేది, ఎందుకంటే అవి అమ్మ చేసినవి.

ఒక శనివారం కృపారాణి తోడు వచ్చినవాళ్ళని ఒక ప్రశ్న అడిగింది. మీ అమ్మాయికి కాన్పంటే దేనికి భయమో మీకు తెలుసా, చెప్పండి అంది. సూర్యకళ ఆలోచించుకోలేదు. "మా దుర్గకి తలుపులేస్తే భయమండి. వాళ్ళమ్మని లోపలికి తీసుకెళ్ళి తలుపేశారంట. మళ్ళీ తీసేసరికి మనిషి లేదు," అంది. దుర్గ అత్తగారి కొంగు పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. తర్వాత వంతు రత్నమాణిక్యానిది. ఆవిడ నిద్రమొహం సర్దుకుని, మా కోడలికి దేనికీ భయం లేదండి, అసాధ్యురాలు అంది. అందరూ నవ్వారు.

హేమశ్రీ నవ్వలేదు. తనకి ఒక్కటే భయం, ఆ రోజున అమ్మ పక్కన ఉండదని. ఆ సంగతి ఈ హాల్లో ఒక్క మనిషికి తెలియాలి. ఆ మనిషి దుర్గ నడుం కింద దిండు సర్దుతోంది.

ఆ రోజు బస్సు కోసం నిలబడ్డప్పుడు హేమశ్రీ సిగ్గు విడిచి అడిగేసింది. పేరు మార్పించుకో అమ్మా, నాకు తోడుగా రా అంది. సూర్యకళ అటూ ఇటూ చూసి, చిన్నపిల్లలా అదేంటే అంది. దుర్గది ముందు అవుతుంది కదా, అయిపోయాక నీ దగ్గరికే వస్తాగా అంది. అయిపోయాక పచ్చి బాలింతని, పసిగుడ్డుని వదిలి ఎలా వస్తావని హేమశ్రీ అడిగింది. అప్పుడే బస్సొచ్చింది. కోడలికి కిటికీ పక్క సీటు దొరుకుతుందో లేదోనని సూర్యకళ గబగబా ఎక్కేసింది.

అప్పటికి తేలిపోయింది. తన నొప్పుల వేళకి అమ్మ రామచంద్రపురంలో దుర్గ బిడ్డకి కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ ఉంటుంది. ఇచ్చిన మాట సంగతి అమ్మకి గుర్తుందో లేదో కూడా తెలీదు.

ఆఖరి క్లాసు రోజున పాఠం దొంగ నొప్పుల గురించి. అసలువాటికీ దొంగవాటికీ తేడా చెప్పింది కృపారాణి. దొంగ నొప్పులు ఒక పద్ధతిగా రావు, కాసేపు నడిస్తే పోతాయి, కడుపు మెత్తగానే ఉంటుంది అంది. అసలువి వచ్చేకొద్దీ దగ్గరవుతాయి, ఒక్కొక్కటి వచ్చినప్పుడు కడుపు గట్టిగా బిగుసుకుంటుంది, చెయ్యేస్తే తెలిసిపోతుంది అంది. తోడు వచ్చినవాళ్ళందరినీ చెయ్యేసి చూడమంది. సూర్యకళ దుర్గ కడుపు మీద చెయ్యేసి, తీయకుండా అలాగే ఉండిపోయింది.

"సిస్టరుగారూ, ఒకసారి ఇలా వస్తారాండి," అంది నెమ్మదిగా.

తెల్లవారినప్పట్నుంచీ నడుం లాగుతోందట. దొంగ నొప్పులేమో, అందరినీ కంగారు పెట్టడం ఎందుకని దుర్గ నోరెత్తలేదట. ఆ మాట చెప్తుండగానే చాప తడిసింది, ఉమ్మనీరు పోయింది. కృపారాణి చెయ్యేసి చూసి, ఇంకెంతో సేపు లేదు, పద తల్లీ లోపలికి అంది. రాసుకునే పిల్ల రాయడం ఆపేసింది. కాన్పు గది అదే అంతస్తులో హాలు చివర. దుర్గని ఒకవైపు కృపారాణి, ఇంకోవైపు సూర్యకళ పట్టుకుని నడిపిస్తున్నారు. సూర్యకళ హేమశ్రీ పక్కనుంచే వెళ్ళింది. కూతురి వైపు చూడలేదు. కావాలని కాదు, ఆ క్షణంలో ఆవిడకి ఇంకెవరూ కనపడట్లేదు.

హేమశ్రీ ఆలోచించుకుని చేసిన పని కాదది. చెయ్యి దానంతటదే నడుం మీదికి వెళ్ళింది. "అమ్మా," అని కేక వచ్చింది. కేక వచ్చాక మిగిలినదంతా క్లాసులో నేర్చుకున్న చదువే. మోకాళ్ళు వంచింది. గోడ పట్టుకుంది. వేడి పాలు చల్లార్చినట్టు ఊదింది. కాస్త ఆగి మళ్ళీ ఊదింది.

రత్నమాణిక్యం ఉలిక్కిపడి లేచి కోడల్ని పట్టుకోబోయింది. హేమశ్రీ అత్తగారి చెయ్యి విడిపించుకుని, ఆవిడని దాటి, తల్లి మణికట్టు పట్టుకుంది. "నువ్వే రావాలమ్మా. నువ్వు రాకపోతే నేను వెళ్ళను," అంది. కళ్ళనిండా నీళ్ళు. నీళ్ళు మాత్రం దొంగవి కావు.

సూర్యకళ నిలబడిపోయింది. ఒక చెయ్యి కోడలు పట్టుకుంది, ఒక చెయ్యి కూతురు పట్టుకుంది. ఒక తోడు ఒక్కళ్ళకేనని కృపారాణి గుర్తు చేసింది. అప్పుడు దుర్గే ముందు చెయ్యి వదిలింది. "వదిన దగ్గరికి వెళ్ళమ్మా. నాకు ఫర్వాలేదు," అంది. నొప్పి మధ్యలో పళ్ళు బిగబట్టి అంది. ఛీ, ఇక్కడ కూడా మంచిది అనిపించుకోవాలా ఇది, అనుకుంది హేమశ్రీ.

"వదినగారూ," అని సూర్యకళ వియ్యపురాలి వైపు తిరిగింది. "దుర్గ దగ్గర కాసేపు మీరుంటారా?" రత్నమాణిక్యం కోడలి మొహం చూసింది, వియ్యపురాలి మొహం చూసింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని దుర్గ భుజం కింద చెయ్యేసింది. క్లాసులన్నిటికీ వచ్చిన మనిషే కదా అని కృపారాణి ఊరుకుంది.

కాన్పు గదిలో పక్కపక్క మంచాలే దొరికాయి. మధ్యలో ఒక ఆకుపచ్చ తెర. చిన్న సిస్టరు వచ్చి హేమశ్రీ కడుపుకి బెల్టు కట్టి, మిషను పెట్టి, దొంగ నొప్పులో అసలు నొప్పులో అరగంటలో తెలిసిపోతుందిలెండి అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు హేమశ్రీ చప్పున మళ్ళీ ఊదింది. సూర్యకళ కూతురి కడుపు మీద చెయ్యేసింది. కాసేపు అలాగే ఉంచి తీసేసింది. స్టూలు దగ్గరికి జరుపుకుని, కూతుర్ని పక్కకి తిప్పి, నడుం రాయడం మొదలుపెట్టింది.

అబ్బ, ఎంత హాయిగా ఉందో. ఇన్ని నెలలుగా, ఇన్నేళ్ళుగా కావాలనుకున్నది ఇదే. అమ్మ చెయ్యి ఎలా ఉంటుందో అలాగే ఉంది, కొంచెం గరుగ్గా, కొంచెం వెచ్చగా. హేమశ్రీ కళ్ళు మూసుకుంది. నెగ్గాను అనుకుంది.

తెర అవతల దుర్గ మూలిగింది. అమ్మ చెయ్యి గట్టిగా రాసింది. మూలుగు ఆగింది, చెయ్యి ఆగింది. రత్నమాణిక్యం గొంతు వినపడుతోంది. ఊదమ్మా, పాలు పాలు, పాలు చల్లార్చు, నేనున్నాగా అంటోంది. ఇంట్లో ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది ఆ గొంతు. మళ్ళీ మూలుగు వచ్చింది. మళ్ళీ అమ్మ చెయ్యి కదిలింది. అది ఆగింది, చెయ్యీ ఆగింది. నాలుగైదుసార్లు అయ్యేసరికి హేమశ్రీకి అర్థమైపోయింది. అమ్మ రాస్తున్నది తన వీపే గానీ, రాస్తున్నది మాత్రం దుర్గ నొప్పికి.

అంత అసూయ హేమశ్రీ ఎప్పుడూ పడలేదు. ఫొటో చూసినప్పుడు పడింది ఇందులో వీసమెత్తు కాదు. అబద్ధమాడి, నలుగురిలో పరువు తీసుకుని తెచ్చుకున్న చెయ్యి కూడా తనది కాలేదు. ఏడుద్దామంటే నొప్పి అనుకుంటారు. నొప్పి అనుకుంటే అమ్మ ఇంకాసేపు ఉంటుంది. కానీ అలా ఉన్న అమ్మని ఏం చేసుకోవాలి?

"నాకు నొప్పులు లేవమ్మా," అంది తెర వైపు చూస్తూ.

"తెలుసు. చెయ్యేసినప్పుడే తెలిసింది."

"తెలిసి ఎందుకు కూర్చున్నావు మరి?"

అవతల దుర్గ ఈసారి గట్టిగా అరిచింది. సూర్యకళ తెర వైపు చూసింది గానీ స్టూలు మీంచి లేవలేదు. "ఇంత అబద్ధమాడి నన్ను పిలుచుకోవాల్సొచ్చిందంటే, నీకు నేనెంత తక్కువ చేశానో అనిపించింది. అందుకు కూర్చున్నాను," అంది. ఎప్పుడూ కూతుర్ని ఏదీ అడగని మనిషి, "వెళ్ళనా హేమా?" అని అడిగింది.

తిట్టేసి వెళ్ళిపోయినా బాగుండేది. జన్మంతా చెప్పుకోవడానికి ఒక బాధ మిగిలేది. ఇప్పుడు వద్దంటే అమ్మ ఉంటుంది. ఆ సంగతి ఆవిడ కళ్ళల్లో తెలుస్తూనే ఉంది. ఒక్క మాటతో అమ్మ తనది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అవతల ఆ పిల్ల ఎప్పుడో పోయిన మనిషిని అమ్మా అమ్మా అని పిలుస్తోంది. ఆ పిలుపుకి పలకగల మనిషిని తను చెయ్యి పట్టుకుని ఆపింది.

"వెళ్ళు," అంది హేమశ్రీ.

అన్నాక తల్లి మొహం చూసింది, కాసేపుండి వెళ్తాలే అంటుందేమోనని. అనలేదు. కూతురి తల ఒక్కసారి నిమిరి, తెర తొలగించుకుని అటు వెళ్ళిపోయింది. అంత త్వరగా వెళ్ళాలా అనిపించింది హేమశ్రీకి. పంపించింది తనే, అయినా అనిపించింది.

రెండు నిమిషాలకి రత్నమాణిక్యం ఇటు వచ్చి స్టూలు మీద కూలబడింది. ముడి ఊడిపోయింది. చేతి మీద దుర్గ గోళ్ళ గుర్తులు ఎర్రగా పడ్డాయి. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు, ఆవిడ తన గోడంతా కోడలి దగ్గరే వెళ్ళబోసుకుంది. ఆ పిల్ల తన చెయ్యి నలిపేసిందట. ఊదమంటే ఊదిందట. తననే చూస్తూ అమ్మా అందట. ఇంక తల కనపడుతోంది అనగా సూర్యకళ వచ్చిందట. "మీ అమ్మని చూడగానే నా చెయ్యి వదిలేసింది. ఇటు తిరిగి కూడా చూడలేదు," అంది రత్నమాణిక్యం. చెప్తూ చెప్తూ కళ్ళొత్తుకుంది.

హేమశ్రీ ఏదో సర్దిచెప్పబోయింది. ఆవిడ వినలేదు.

"నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? ఇన్ని శనివారాలు నీ వెనక కూర్చున్నది నేను. ఏసీ కోసం వచ్చాననుకున్నావు కదూ. అంతమందిలో నా చెయ్యి తోసేసి మీ అమ్మ చెయ్యి పట్టుకున్నావు."

ఆ హాల్లో కుళ్ళుకునే హక్కు తనొక్కదానికే ఉందనుకుంది హేమశ్రీ. తన భుజం మీద నిద్రపోయిన మనిషికి కూడా ఒకటి కావాలని ఉంటుందని, అది దొరక్కపోతే ఆవిడకీ మండుతుందని ఇన్నాళ్ళలో ఒక్కసారి తోచలేదు.

"నీ నొప్పులప్పుడు నేను లోపలికి రానా?" అని అడిగింది రత్నమాణిక్యం, చేతి గాట్లు చూసుకుంటూ. "అప్పుడు కూడా మీ అమ్మే రావాలా?"

ఆ రోజుకి హేమశ్రీ దగ్గర అబద్ధాలు అయిపోయాయి.

"అమ్మ కావాలనే ఏడుస్తానత్తయ్యా," అంది. "అయినా మీరే రండి."

రత్నమాణిక్యం మంచం పక్కకి జరిగి, కోడలి నడుం మీద, నొప్పి లేని చోట, సిస్టరు నేర్పినట్టు కాకుండా తనకి తోచినట్టు రాయడం మొదలుపెట్టింది. తెర అవతల పసిబిడ్డ కేర్‌మంది. దాని వెనకే సూర్యకళ గొంతు, ఏడుస్తోందో నవ్వుతోందో, మా తల్లే, మా తల్లే అంటూ వినపడింది. హేమశ్రీ కడుపులో ఆ మంట మళ్ళీ ఎప్పటిలాగే లేచింది.

"గట్టిగా రాయండత్తయ్యా," అంది.